నీట్ సీటు రాలేదా? ల్యాబ్ ఉందిగా!

నీట్‌లో ర్యాంకు రాకపోతే బైపీసీ వృథా అనుకోకండి. బీఎస్సీ చేసి సీయూఈటీ-పీజీ రాస్తే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో బయోకెమిస్ట్రీ వంటి ఎమ్మెస్సీలు చదవొచ్చు. ఉస్మానియాకు సీపీగెట్, ఆంధ్రా యూనివర్సిటీకి ఏపీ పీజీసెట్ ఉన్నాయి.

అయితే పట్టా ఒక్కటే ఉద్యోగం తెచ్చిపెట్టదు. పీసీఆర్ అంటే ఏంటో పుస్తకం చదివిన ఎవరైనా చెప్తారు. జెల్‌పై బ్యాండ్ రాకపోతే తప్పెక్కడో వెతకడం, చేత్తో చేసినవాళ్లకే వస్తుంది. అందుకే చివరి సెమిస్టర్ ప్రాజెక్టును రికార్డు నింపడంతో సరిపెట్టొద్దు. ఖాళీ దొరికితే పైథాన్ నేర్చుకుని, ఎన్‌సీబీఐలో ఉచితంగా దొరికే జన్యు సమాచారంతో సాధన చేయండి.

పరిశోధన ఇష్టమా? సీఎస్‌ఐఆర్-నెట్‌లో జేఆర్‌ఎఫ్ కొట్టి పీహెచ్‌డీలో చేరితే మొదటి 2 ఏళ్లు నెలకు రూ.37 వేల ఫెలోషిప్. ఇంట్లో చేయి చాచకుండానే చదువు సాగుతుంది.