రాడారు నేర్పు – శాంతికాలపు వృత్తులు

రేడియో తరంగానికి స్వపక్షం, పరపక్షం అనే భేదం లేదు. శత్రు విమానాన్ని పసిగట్టడానికి పంపిన తరంగమూ, ఇంటిలో పాట వినిపించే తరంగమూ ఒకే వేగంతో, అనగా సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్ల వేగంతో, ఒకే సూత్రాలకు లోబడి ప్రయాణిస్తాయి. అందువల్ల ఒక రంగంలో రేడియోను బాగా ఎరిగినవారు మరొక రంగంలో అడుగు పెట్టినపుడు పూర్తిగా కొత్తవారు కారు. 1945లో రెండవ ప్రపంచ యుద్ధం ముగియగానే బ్రిటన్, అమెరికా, ఆస్ట్రేలియా దేశాలలో రాడారు పనిలో ఆరితేరిన ఎందరో యువతీ యువకులు శాంతికాలపు పనులు వెదుకుకొనవలసి వచ్చినది. యుద్ధంలో నేర్చిన విద్య వారికి ఎంతవరకు అక్కరకు వచ్చినదో, వారిలో కొందరి జీవితాలను బట్టి పరిశీలిద్దాము.

సైనిక రేడియోలో మూడు పనులు

సైనిక రేడియో పనిని స్థూలంగా మూడు విధాలుగా విభజింపవచ్చును. మొదటిది, తరంగాన్ని పంపి దాని ప్రతిధ్వనిని పట్టుకొనుట. ఇదే రాడారు. తరంగం పోయి తిరిగి వచ్చుటకు సెకనులో వెయ్యవ వంతు పట్టినదనుకొందాము. ఆ కాలంలో అది 300 కిలోమీటర్లు నడచినది. కనుక ఎదుటి వస్తువు 150 కిలోమీటర్ల దూరంలో ఉన్నదన్నమాట. రెండవది, శత్రువు తరంగాలను విని, వాటిని చెరచుట లేదా వాటిని నమ్ముకొన్న శత్రువును మోసగించుట. మూడవది, తమ సొంత సెట్లు ఒకదానికొకటి అడ్డు తగలకుండా రేడియో వర్ణపటాన్ని, అనగా పౌనఃపున్యాల శ్రేణిని, భాగాలుగా పంచుకొనుట.

ఈ మూడింటికీ మూలమైన నేర్పు ఒకటి ఉన్నది. తిరునాళ్ళ సందడిలో తప్పిపోయిన తన బిడ్డ కేకను తల్లి గుర్తుపట్టినట్లు, రేడియో రొదలో నుండి కావలసిన సంకేతాన్ని వేరుపరచి గుర్తించగలగాలి. అంతకంటె ముఖ్యమైన ప్రశ్న మరొకటి: ఆ రొద ఎక్కడనుండి వస్తున్నది?

ఒక ఉపాధ్యాయుని పరిశీలన

ఈ ప్రశ్నను శ్రద్ధగా అడిగినవారిలో జేమ్స్ స్టాన్లీ హే ఒకరు. యుద్ధానికి పూర్వం ఆయన ఇంగ్లండులో పాఠశాల ఉపాధ్యాయుడు, భౌతికశాస్త్రం బోధించేవారు. 1940లో సైనిక పరిశోధన విభాగంలో చేరి, కొద్ది వారాల రేడియో శిక్షణ పొందారు. 1942 ఫిబ్రవరి 12న జర్మను యుద్ధనౌకలు ఇంగ్లీషు కాలువ గుండా తప్పించుకొని పోయినవి. అప్పుడు జర్మనులు బ్రిటిషు రాడార్లను రేడియో రొదతో చెరచిరి. అట్టి రొదలను పరిశీలించే బాధ్యత హేకు అప్పగించారు.

ఆ నెలాఖరులోనే, 4 నుండి 6 మీటర్ల తరంగదైర్ఘ్యంపై పనిచేసే విమాన విధ్వంసక రాడార్లు తీవ్రమైన రొదకు గురైనవని పలుచోట్లనుండి నివేదికలు వచ్చినవి. శత్రువు పనియే అని ఎవరైనా అనుకొందురు. హే ఆ నివేదికలలోని దిక్కులను సరిచూడగా, రొద వచ్చిన దిక్కు సూర్యునితోపాటు కదలుచున్నట్లు తేలినది. గ్రీనిచ్ వేధశాలను విచారింపగా, ఆ సమయంలో పెద్ద మచ్చల గుంపు ఒకటి సూర్యబింబం నడుమగా పోవుచున్నదని తెలిసినది. రాడార్లను చెరచినది శత్రువు కాదు, సూర్యుడు!

ఇంత గొప్ప విషయం కూడ యుద్ధ రహస్యమే అయినది. 1946 వరకు దీనిని ప్రకటించుటకు వీలు పడలేదు. హే ఆ తరువాత కూడ సైనిక పరిశోధనలోనే ఉన్నారు. కాని ఆయన తెరచిన దారి వెంట ఇతరులు నడిచారు. విమానాలలో అమర్చే రాడారుపై యుద్ధకాలమంతా పనిచేసిన బెర్నార్డ్ లోవెల్ మాంచెస్టరు విశ్వవిద్యాలయానికి తిరిగి వచ్చి, హే సహాయంతో సైన్యపు రాడారు నొకదానిని సంపాదించారు. నగరంలోని ట్రాము బండ్ల విద్యుత్ రొద వల్ల పరిశీలన సాగలేదు. కనుక 1945 డిసెంబరులో దానిని జోడ్రెల్ బ్యాంక్ అనే పల్లెప్రాంతానికి, వృక్షశాస్త్ర శాఖ వారి స్థలానికి తరలించారు. 1957లో 76 మీటర్ల వ్యాసం గల రేడియో దూరదర్శిని అక్కడనే నిలిచినది.

మోసగించిన విద్యయే కొలతకు సాధనం

మార్టిన్ రైల్ యుద్ధకాలంలో చేసినది శత్రు రాడార్లను తప్పుదారి పట్టించే పని. ఒక యంత్రాన్ని మోసగించాలంటే అది ఎట్లు కొలుస్తున్నదో, ఎక్కడ పొరబడుతుందో ముందుగా తెలియాలి. 1945లో కేంబ్రిడ్జికి తిరిగి వచ్చిన రైల్ ఆ జ్ఞానాన్ని సూర్యుని వైపు తిప్పారు.

ఆయన ఎదుర్కొన్న చిక్కు ఇది. 175 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యం వద్ద తరంగదైర్ఘ్యం సుమారు 1.7 మీటర్లు. సూర్యబింబం ఆకాశంలో అర డిగ్రీ మాత్రమే ఉంటుంది. ఇంత పొడుగు తరంగాలతో అంత చిన్న కోణాన్ని వేరుపరచి చూడాలంటే దాదాపు 200 మీటర్ల వెడల్పు గల ఆంటెన్నా కావాలి. దానికి బదులు రైల్, డెరెక్ వాన్‌బర్గ్ రెండు చిన్న ఆంటెన్నాలను దూరదూరంగా నిలిపి, తీగలతో ఒకే గ్రాహకానికి కలిపారు. రెండు చోట్ల పడిన తరంగాలు కలిసినపుడు, శిఖరం మీద శిఖరం పడితే సంకేతం బలపడుతుంది. శిఖరం మీద లోయ పడితే అణగిపోతుంది. ఇదే వ్యతికరణం. దీనిని బట్టి, 1946లో సూర్యునిపై రేడియో రొద వెలువడే చోటు బింబపు వ్యాసంలో మూడవ వంతుకు మించదని తేలినది. అనగా అది మచ్చల గుంపంత ప్రదేశమే. హే ఊహ నిజమైనది. ఈ పద్ధతిని పెంపొందించినందుకు రైల్‌కు 1974లో నోబెల్ బహుమతి లభించినది. ఆయనతో బహుమతి పంచుకొన్న ఆంటొనీ హ్యూయిష్ యుద్ధకాలంలో కూడ ఆయన సహోద్యోగియే.

సిడ్నీ ప్రయోగశాల

ఆస్ట్రేలియా ప్రభుత్వం 1939లో సిడ్నీలో ఒక రహస్య రాడారు ప్రయోగశాలను స్థాపించినది. రూబీ పేన్-స్కాట్ 1941లో అందులో చేరారు. అంతకు పూర్వం ఆమె కూడ కొంతకాలం ఉపాధ్యాయిని. గ్రాహకంలో పుట్టే రొదను కచ్చితంగా కొలుచుటలో ఆమె దిట్ట. యుద్ధానంతరం ఆమె, సహచరులు సముద్రపు ఒడ్డున కొండపై నిలిపిన రాడారు ఆంటెన్నాతో ఉదయించే సూర్యుని పరిశీలించారు. నేరుగా వచ్చే తరంగమూ, నీటిపై పడి పరావర్తనం చెందిన తరంగమూ కలిసి, ఒక్క ఆంటెన్నాయే రెండింటి పని చేసినది.

విద్య ఉన్నంత మాత్రాన తలుపులన్నీ తెరచుకొనవు. వివాహిత స్త్రీలకు స్థిరమైన ప్రభుత్వోద్యోగం ఉండరాదని నాడు అక్కడ నిబంధన ఉండేది. 1944లో వివాహమైన సంగతి 1950లో బయటపడగా పేన్-స్కాట్ స్థిరోద్యోగం పోయినది. 1951లో బిడ్డ పుట్టబోవు ముందు ఆమె పరిశోధననే విడిచిపెట్టారు. తరువాత చాలకాలం పాఠశాలలో బోధించారు. ఆ నిబంధన 1966లో రద్దయినది.

ఈ ప్రయోగశాలతో మనకు కూడ సంబంధం ఉన్నది. 1953లో అక్కడికి వెళ్ళి పనినేర్చిన గోవింద స్వరూప్, అక్కడివే అయిన 32 చిన్న ఆంటెన్నాలను 1965లో బొంబాయి దగ్గర కల్యాణ్‌లో నెలకొల్పారు. 1970 నాటికి ఊటీలో 530 మీటర్ల పొడవైన రేడియో దూరదర్శిని సిద్ధమైనది. ఇక సిడ్నీలో, రేడియో ఖగోళశాస్త్రంలో అనుభవం గల జాన్ ఓ సల్లివన్ బృందం, గది గోడల నుండి వచ్చే ప్రతిధ్వనులు సంకేతాన్ని చెరచకుండా ఒక పద్ధతిని రూపొందించి, 1996లో అమెరికా పేటెంటు పొందినది. నేటి వైఫై వెనుక ఆ పద్ధతి కూడ ఉన్నది.

చెడిన రాడారు చేసిన మేలు

అమెరికాలో చార్లెస్ టౌన్స్ బెల్ ప్రయోగశాలలో బాంబుల గురిని నిర్ణయించే రాడార్లపై పనిచేశారు. 1.25 సెంటీమీటర్ల తరంగాలతో రాడారు కట్టాలని సైన్యం కోరినది. ఆ తరంగాలను గాలిలోని నీటి ఆవిరి పీల్చివేస్తుందని టౌన్స్ హెచ్చరించారు. చివరకు అదే జరిగినది. యుద్ధం ముగియగానే ఆయన ఆలోచన మరొక విధంగా సాగినది. ఒక అణువు ఒకానొక తరంగాన్నే పీల్చుకొంటే, ఆ తరంగాన్ని బట్టి అణువు నిర్మాణాన్ని తెలిసికొనవచ్చును గదా! రాడారు పరికరాలతోనే 1946 నాటికి అమోనియా వర్ణపటాన్ని పరిశీలించారు. 1954లో ఆ అమోనియాతోనే మేసర్‌ను నిర్మించారు. లేసర్ దాని తోబుట్టువు. 1964లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చినది.

వెంట వచ్చినదేమి?

వీరిలో ఎవ్వరూ యుద్ధ రహస్యాలను అమ్ముకొని బ్రతకలేదు. పరికరపు వివరాలు కార్యాలయంలోనే ఉండిపోతాయి. రొదను అనుమానించడం, దిక్కును సరిచూడడం, కొలతలోని పొరపాటును అంచనా కట్టడం మనిషి వెంట వస్తాయి. కొత్తగా నేర్వవలసినది కూడ ఉన్నది. యుద్ధంలో త్వరగా పనికివచ్చే జవాబు చాలును. శాస్త్రంలో ఆ జవాబు ఎంతవరకు నమ్మదగినదో కూడ అందరి ఎదుట చెప్పవలసి ఉంటుంది.

నేడు సైన్యపు సిగ్నల్ శాఖల నుండి వచ్చేవారికి విమానాశ్రయాల దిక్సూచక కేంద్రాలలో, ఉపగ్రహ కేంద్రాలలో, మొబైల్ టవర్ల ప్రణాళికలో ఇట్టి పనులే ఎదురవుతాయి. మన దేశంలో పౌనఃపున్యాలను పంచిపెట్టే విభాగం 1952 నుండి కమ్యూనికేషన్ల మంత్రిత్వ శాఖలో ఉన్నది. ఆకాశవాణి, విమానాలు, నౌకలు, ఫోనులు ఒకదానికొకటి అడ్డు తగలకుండా చూచుట మనం మొదట చెప్పుకొన్న మూడవ పనియే గదా!

ఉపాధ్యాయులు ఈ విషయాన్ని తరగతిలో ఒక చిన్న లెక్కతో ఆరంభింపవచ్చును. తరంగ వేగం, పౌనఃపున్యం, తరంగదైర్ఘ్యం అనే రెండింటి లబ్ధానికి సమానం. 100 మెగాహెర్ట్జ్ ఎఫ్.ఎం. కేంద్రపు తరంగదైర్ఘ్యం 3 మీటర్లని విద్యార్థులచేత రాబట్టి, ఆ తరువాత 5 మీటర్ల తరంగాలతో పనిచేసిన హే నాటి రాడారు పౌనఃపున్యం ఎంతో వారినే కనుగొనమనవచ్చును.