డబ్ల్యు.డి. 0137-349

డబ్ల్యు.డి. 0137-349 దక్షిణ ఖగోళంలోని శిల్పి నక్షత్రరాశిలో ఉన్న ఒక జంట వ్యవస్థ. ఇందులో ఒకటి శ్వేత కుబ్జతార, రెండవది దాని చుట్టూ పరిభ్రమించే గోధుమ కుబ్జం. ఇంధనం తరిగిపోయిన నక్షత్రపు కేంద్రభాగం కుంచించుకొనగా మిగిలిన అవశేషమే శ్వేత కుబ్జతార. హైడ్రోజన్ సంలీనాన్ని నిలుపుకొనేంత ద్రవ్యరాశి లేక, నక్షత్రానికీ గ్రహానికీ నడుమ నిలిచిపోయిన ఖగోళవస్తువును గోధుమ కుబ్జం అంటారు.

ఆవిష్కరణ

ఈ జంటను గురించి పియర్ మాక్స్‌టెడ్ బృందం 2006లో ప్రకటించింది. గోధుమ కుబ్జం ద్రవ్యరాశి గురుగ్రహానికి సుమారు 55 రెట్లు. ఇది 116 నిమిషాలకొక ప్రదక్షిణ పూర్తిచేస్తుంది. రెండింటి నడుమ దూరం భూమికీ చంద్రునికీ మధ్య దూరం కంటె కొద్దిగా మాత్రమే ఎక్కువ.

పూర్వం మాతృతార అరుణ మహాతారగా ఉబ్బినపుడు ఈ గోధుమ కుబ్జం దాని పొరలలో మునిగిపోయింది. ఘర్షణ వలన కక్ష్య కుదించుకుపోయింది, ఆ పొరలు అంతరిక్షంలోకి చెదరిపోయాయి. గోధుమ కుబ్జం మాత్రం నశించలేదు.

వాతావరణ అధ్యయనం

సాధారణ నక్షత్రానికి దగ్గరగా తిరిగే గ్రహపు కాంతి ఆ నక్షత్రపు వెలుగులో కలిసిపోతుంది. ఇక్కడ పరిస్థితి వేరు. శ్వేత కుబ్జతార ఉష్ణోగ్రత సుమారు 16,500 కెల్విన్‌లు. పరిమాణంలో భూమితో పోల్చదగిన ఈ తార ఎక్కువగా అతినీలలోహిత కాంతిని వెదజల్లుతుంది. గోధుమ కుబ్జం పరిమాణం గురుగ్రహమంత, దాని కాంతి ప్రధానంగా పరారుణం. కనుక పరారుణ దుర్భిణులతో దాని కాంతిని వేరుచేయవచ్చును.

గోధుమ కుబ్జం ఎల్లప్పుడూ ఒకే ముఖాన్ని తారవైపు ఉంచుతుంది. అందువలన ఒక పక్క నిత్యం పగలు, మరొక పక్క నిత్యం రాత్రి. ప్రదక్షిణలో ఈ రెండు ముఖాలూ మారిమారి మనవైపు తిరుగుతాయి. ఆ వెలుగు హెచ్చుతగ్గులను కొలిచి, రెండు ముఖాల మధ్య సుమారు 500 కెల్విన్‌ల తేడా ఉన్నదని 2015లో తేల్చారు. తార నుండి వచ్చే వేడి రాత్రివైపుకు సరిగా చేరడం లేదని దీనిని బట్టి తెలుస్తుంది.

2017లో పగటివైపు నుండి సోడియం, మెగ్నీషియం, కాల్షియం, ఇనుము మొదలైన మూలకాల ఉద్గార రేఖలు కనిపించాయి. అతినీలలోహిత కాంతి పై పొరలను కాచడం వలన అక్కడ ఎత్తుకు పోయేకొద్దీ ఉష్ణోగ్రత పెరుగుతుంది. ఉద్గార రేఖలు ఏర్పడటానికి కారణం ఇదే.

ప్రాముఖ్యత

తమ తారలకు అతి సమీపంలో తిరిగే వేడి గురుగ్రహాల గాలులను, మేఘాలను అర్థం చేసుకోవడానికి ఇటువంటి జంటలు సహజ ప్రయోగశాలలు. 2023లో ప్రకటించిన డబ్ల్యు.డి. 0032-317 జంటలో పగటివైపు ఉష్ణోగ్రత సుమారు 8,000 కెల్విన్‌లు. అంటే అది సూర్యుని ఉపరితలం కంటె వేడి. మన సూర్యుడు కూడా చివరకు శ్వేత కుబ్జతారగా మారవలసినదే. ఉబ్బిన తారలో మునిగినది ఏది మిగులుతుంది, ఏది నశిస్తుంది అనే ప్రశ్నకు సమాధానం వెదకడంలో ఈ జంటలు తోడ్పడుతున్నాయి.