కారు డీటెయిలింగ్: సెరామిక్ కోటింగా? పీపీఎఫ్ కావాలా? డబ్బులు కట్టే ముందు ఇవి తెలుసుకోండి!

కొత్త కారు డెలివరీ రోజే 'సెరామిక్ కోటింగ్ వేయించండి సార్, గీతలు పడవు' అంటుంటారు. అది పూర్తి నిజం కాదు. ఈ కోటింగ్ మందం కొద్ది మైక్రాన్లే. మెరుపు వస్తుంది, నీళ్లు జారిపోతాయి, కడగడం తేలికవుతుంది. కానీ ఎగిరొచ్చే రాళ్లను, తాళంచెవి గీతల్ని ఆపలేదు.

హైవేపై ఎక్కువ తిరుగుతారా?
రాళ్ల దెబ్బకు పీపీఎఫ్ మేలు. ఇది పెయింట్‌పై అతికించే పారదర్శక ఫిల్మ్, మందం సుమారు 150 నుంచి 200 మైక్రాన్లు. బండి మొత్తానికి వేయిస్తే ఖర్చు లక్ష రూపాయలు దాటొచ్చు. బడ్జెట్ తక్కువైతే బానెట్, ముందు బంపర్‌కు వేయించుకున్నా చాలావరకు సరిపోతుంది.

పాత కారా?
పాలిషింగ్ అంటే పెయింట్ పైనున్న క్లియర్ కోట్‌ను కొంచెం అరగదీయడమే. అందుకే మాటిమాటికీ చేయించకూడదు. గోరు తగిలి ఆగేంత లోతు గీత పాలిష్‌తో సాధారణంగా పోదు. త్వరలో అమ్మేసే ఆలోచన ఉంటే ఇంటీరియర్ క్లీనింగ్, వ్యాక్స్ చాలు.

రేటు ఎలా వేస్తారు?
కారు సైజు, పెయింట్ పరిస్థితి, పనికి పట్టే గంటలను బట్టి రేటు మారుతుంది. బండి చూడకుండా ఫోన్‌లో చెప్పిన రేటే ఫైనల్ అనుకోవద్దు. ఏ పనికి ఎంత, జీఎస్టీ కలిపారా లేదా రాయించుకోండి. వారంటీ కోసం మధ్యలో పెయిడ్ సర్వీసులు తప్పనిసరా అని అడగండి.

'బండి ఎక్కడ పార్క్ చేస్తారు? ఎన్నేళ్లు వాడతారు?' అని కూడా అడగకుండా ఖరీదైన ప్యాకేజీ చూపిస్తే తొందరపడొద్దు.