పారిషు పుస్తకములును మన కుటుంబచరిత్రయును

రాజుల వంశచరిత్ర శాసనములయందును, కృతిపతుల వంశచరిత్ర కావ్యావతారికలయందును నిలిచియున్నది. సామాన్యకుటుంబముల చరిత్రకు ఆధారమెయ్యది? ఇంగ్లాండునందు ఈ ప్రశ్నకు పారిషు పుస్తకములు చాలవఱకు సమాధానమొసగుచున్నవి. ఆ పుస్తకములను చదువు పద్ధతి మనకెంతవఱకు ఉపకరించునో ఈపురుపాలెమును నిదర్శనముగా గైకొని విచారింతము.

పారిషనగా ఒక చర్చికి లోబడిన ప్రదేశము. 1538వ సంవత్సరమున ఎనిమిదవ హెన్రీ మంత్రియగు తామస్ క్రామ్వెల్, ప్రతి పారిషునందును జ్ఞానస్నానములను, వివాహములను, ఖననములను వ్రాసియుంచవలెనని యాజ్ఞాపించెను. 1598 నుండి ఏటేట నకలు బిషప్పునకు పంపవలెనను నియమమేర్పడెను. మూలము నశించినచోట ఈ నకలే దిక్కు. 1754 నుండి వివాహములకు ప్రత్యేక పుస్తకమును, 1813 నుండి అచ్చుపత్రములును వచ్చినవి. 1837 జూలై 1 నుండి జననమరణవివాహముల నమోదు ప్రభుత్వము వహించెను.

ఈ పుస్తకములను చదువువారు పాటించు నియమములు కొన్ని కలవు. తన్ను మొదలుకొని తండ్రి, తాత యని వెనుకకు నడువవలెనే గాని, ప్రసిద్ధపురుషు నొకని మూలముగా నిర్ణయించుకొని ముందుకు రారాదు. జ్ఞానస్నానపు తేది జన్మదినము కాదు. ఖననపు తేది మరణదినము కాదు. 1752కు పూర్వము అచట సంవత్సరాది మార్చి 25 కావున, 1720 ఫిబ్రవరియని వ్రాసినది నేటి లెక్కకు 1721 ఫిబ్రవరి యగును. పేరొక్కటి యైనంతమాత్రమున మనుష్యు డొక్కడే యనరాదు.

ఈ కడపటి నియమము మనకు మిక్కిలి ముఖ్యము. తాతపేరు మనుమనికి పెట్టు ఆచారముచే ఒకే యింట తరము విడిచి తరమున అదే పేరు మరల మరల వచ్చును. రెండు పత్రములలో నొకే పేరు కనబడినపుడు, నడుమ ఏబది యఱువదేండ్ల యంతర మున్నయెడల, వారు తాతమనుమలు కావచ్చును. ఇంటిపేరును అట్టిదే. ఈపూరివారందఱు ఈపురుపాలెమునుండి వచ్చినవారనుటకు వీలులేదు. ఈపూరను గ్రామము పల్నాటియందును కలదు. ఇంటిపేరు వెదకవలసిన దిక్కును సూచించును గాని సాక్ష్యము చెప్పదు.

మన ప్రాంతమున పారిషు పుస్తకములకు సన్నిహితమైనవి క్రైస్తవసంఘముల పట్టికలు. 1842లో హైయరు దొర గుంటూరునకు వచ్చి లూథరను మిషనును నెలకొల్పెను. లూథరనులు శిశువులకును జ్ఞానస్నానమిత్తురు గావున వారి పట్టికలోని తేది జననమునకు సమీపముగా నుండుట కలదు. బాప్టిస్టులు విశ్వాసము ప్రకటించినవారికే బాప్తిస్మమిత్తురు. క్లౌ దొర నడపిన ఒంగోలు మిషనునందు 1878 జూలై 3వ తేదిని గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ తేదినిబట్టి వారి వయస్సు గణింపబూనుట అసంగతము.

తక్కినవారికి వేఱు మార్గములు కలవు. శ్రాద్ధమునందు తండ్రి, తాత, ముత్తాతల పేర్లు గోత్రముతో నుచ్చరింతురు. ఇవి మూడు తరములు. అయితే తద్దినము తిథిని నిలుపును గాని సంవత్సరమును నిలుపదు. కాశీ, గయ మొదలగు క్షేత్రములలోని తీర్థపురోహితుల బహీలలో యాత్రికుల పేర్లును, గ్రామమును వ్రాయు వాడుక కలదు. ఇనాము భూములు గలవారికి 1858లో నేర్పడిన ఇనాము కమీషను రిజిస్టరులు మిక్కిలి విలువైనవి. దాత యెవరు, ప్రథమప్రతిగ్రహీత యెవరు, నాటి అనుభవదారు డెవరు, అతనికిని ప్రతిగ్రహీతకును గల సంబంధమేమి యను విషయము లందుండును. పాతలెక్కలలో ఫసలీ కనబడినచో 590 కలుపవలెను. 1270వ ఫసలీ 1860 జూలైలో మొదలైనది.

పేర్కొనబడిన సంవత్సరము ప్రభవాదులలోనిదైనచో మఱింత జాగ్రత్త వలయును. మా పూర్వులు నందన కరవులో వచ్చిరని పెద్దలు చెప్పిన, అది గుంటూరు సీమను పాడుచేసిన 1832-33 నాటి నందన. మఱి వట్టి నందన యన్నచో, 1892-93 నాటిదియు కావచ్చును. తరములను లెక్కించి తేల్చవలెను.

ఏ జిల్లా కచేరిలో వెదకవలెననునది మఱియొక చిక్కు. ఈపురుపాలెము 1859కి పూర్వము గుంటూరు జిల్లాలోనిది. ఆ యేట గుంటూరు కృష్ణాజిల్లాలో చేర్పబడెను. 1904లో మరల వేఱయ్యెను. 1970లో నీ గ్రామము ఒంగోలు కేంద్రముగా నేర్పడిన జిల్లాకు మాఱినది. దానికే 1972లో ప్రకాశమను పేరు వచ్చెను. 2022 నుండి ఇది బాపట్ల జిల్లాలోనిది. గ్రామము కదలలేదు, కాగితములు మాత్రము ఊళ్లు మాఱినవి.

ఇందొక విపరీతము గమనింపదగినది. కావలి సోదరుల సాహాయ్యమున మెకంజీ దొర సేకరింపించిన కైఫీయతులలో కరణముల పేళ్లును, ఇనాముదార్ల పేళ్లును కలవు. కూలివాని పేరు కానరాదు. కాని 1860 మొదలు 1911 వఱకు నేటాలునకు ఓడలెక్కిన కూలీల పట్టికలలో పేరు, తండ్రిపేరు, వయస్సు, కులము, గ్రామము, జిల్లా వ్రాయబడినవి. ఊరు విడిచిన బీదవానికి దొరకిన యక్షరరక్ష ఊరనే నిలిచిన యతని సోదరునికి దొరకలేదు. ఆ పట్టికలలో తెలుగు పేర్లు ఇంగ్లీషు గుమాస్తాల చెవికి తోచినట్లు వ్రాయబడుటచే, పైకి చదివి సరియైన రూపము నూహింపవలెను.

మద్రాసు రాజధానిలో 1899లోను, దేశమంతటికి 1969లోను జననమరణముల నమోదునకు చట్టములు వచ్చినవి. కరణపు పదవులు 1984లో రద్దయినవి. అంతకు పూర్వపు సామాన్యుల వృత్తాంతము చాలవఱకు వృద్ధుల నాలుకపైననే యున్నది. బడిపంతుళ్లు తమ విద్యార్థులచేత ఇంటి పెద్దల నడిగించి, నాలుగు తరముల పేర్లను, ఆడువారి పుట్టినిండ్లతో సహా వ్రాయింతురేని మేలు. విన్నదానిని విన్నట్లును, పత్రమున చూచినదానిని చూచినట్లును వేఱుగా గుర్తింపవలెను. ఈ రెంటిని కలిపివేసిన వంశవృక్ష మెంత యున్నతమైనను వేరులేని వృక్షమే యగును.