సింహవేషమునకు పాదములు

బడి నాటకములలో సింహవేషమునకు జూలును, తోకను శ్రద్ధతో చేయుదుము గాని పాదములను మఱచుచుందుము. పాత కాన్వాసు బూట్లతో వానిని సులభముగా చేయవచ్చును.

సింహము వెనుకపాదమునకు 4 వ్రేళ్లుండును. నడచునపుడు గోళ్లు లోనికి ముడుచుకొని యుండును. కావున గోళ్లు చేయ నక్కఱలేదు. పసుపువన్నె గుడ్డతో బూటు పైభాగమునకు తొడుగు కుట్టి, దాని ముందఱ దూది కూరిన 4 చిన్న సంచులను వరుసగా కుట్టవలయును. తొడుగును బూటునకు అంటింపక, నాడాకన్నములకు దారముతో బిగింపవలయును. బాలునికి ఉన్నది ఆ ఒక్క జతయే కావచ్చును. మఱునాడు దానితోనే బడికి రావలయును గదా!

మేము మొదట బూటు అడుగును గూడ గుడ్డతో కప్పితిమి. అభ్యాసమున బాలుడు వేదికమెట్లపై జాఱిపడెను. నాటనుండి అడుగును విడిచిపెట్టుచున్నాము. వేషమెంత ముచ్చటైనదైనను, బిడ్డ క్షేమముగా నడచుటయే ముఖ్యము.