చేనుకూ ఇంటికీ మధ్య

జనగామ, మానుకోట, భూపాలపల్లి. పాత వరంగల్ జిల్లాలోని ఈ మూడు చోట్లా రైతు పండించిన పంట ఇంటికి చేరే దారిలో ఎవరెవరు నిలబడ్డారు, ఇప్పుడెవరున్నారు?

పాలకుర్తి అనగానే సాహిత్యం చదువుకున్నవాళ్లకు సోమనాథుడు గుర్తొస్తాడు. పక్కనే బమ్మెర. భాగవతాన్ని రాజుకు అంకితమివ్వనని నాగలి పట్టి బతికాడని చెప్పుకునే పోతన ఊరది. జనగామ రైతు కథ చెప్పాలంటే మాత్రం నేను అదే పాలకుర్తిలో నలుగురి బట్టలుతికిన చిట్యాల ఐలమ్మ దగ్గరే మొదలుపెడతాను. 1940ల నడుమ ఆమె మల్లంపల్లి మక్తేదారు దగ్గర భూమి కౌలుకు తీసుకుని నాలుగెకరాల్లో పంట వేసింది. కోతలయ్యే వేళకు విసునూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డి మనుషులు వచ్చిపడ్డారు. భూమి నాదే, పంటా నాదేనన్నది దొర మాట. ఆంధ్ర మహాసభ కార్యకర్తలు, ఊళ్లో అందరూ ‘సంఘపోళ్లు’ అనేవాళ్లు, వడ్లు ఎత్తి ఐలమ్మ ఇంటికి చేర్చారు. ఆ తర్వాత ఆమె ఇల్లు తగలబడింది, కేసులు పడ్డాయి, కుటుంబం చెదిరింది. భూమి మాత్రం ఆమె వదల్లేదు.

గొడవంతా ఆ కాస్త దూరం గురించే. చేలో పండిన గింజ ఇంటికి చేరాలి. దారికడ్డంగా నిలబడేది ఎవరు? ఈ మూడు జిల్లాల గతాన్నీ వర్తమానాన్నీ ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని చూడొచ్చని నాకనిపిస్తుంది.

జిల్లాల లెక్క ముందే చెప్పుకుంటే మంచిది. నిజాం కాలంలో జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలో ఉండేది. 1953లో వరంగల్‌లో కలిసింది. 2016 అక్టోబర్ 11న వరంగల్ జిల్లా ముక్కలైనప్పుడు జనగామ, మహబూబాబాద్ (మానుకోట), జయశంకర్ భూపాలపల్లి విడి జిల్లాలయ్యాయి. 2019లో భూపాలపల్లి నుంచి ములుగు విడిపోయింది.

గడీ నీడలో

విసునూరు దొర కింద 40 వేల ఎకరాలున్నాయని పుచ్చలపల్లి సుందరయ్య లెక్క రాశారు. భూమి ఒక ఎత్తు, వెట్టి ఇంకో ఎత్తు. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ, గొల్ల, ఎవరి కులపు పని వాళ్లు దొర గడీకి ఊరికే చేసిపెట్టాలి. ఇక నాగులు. విత్తనాల వేళ ఇంట్లో గింజ లేనివాడు దొర గరిసె నుంచి వడ్లో జొన్నలో అప్పు తెచ్చుకుంటాడు. పంట రాగానే వడ్డీ కింద మళ్లీ గింజలే కలిపి కొలిచిపోయాలి. ఆ ఏడు పండకపోతే నాగు మీద నాగు ఎక్కుతుంది. కల్లంలో రాశి పోసిన రోజే కొలతలన్నీ అయిపోయేవి. మిగిలిన అడుగు గింజలు రైతువి.

దేవరుప్పుల మండలం కామారెడ్డిగూడెంలో షేక్ బందగీ కోర్టుకెక్కి దేశ్‌ముఖ్ మీద భూమి గెలిచాడు. గెలిచాక చంపేశారు. జనగామ-సూర్యాపేట రోడ్డు పక్కన అతని సమాధి ఉంది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన ‘మా భూమి’ నాటకానికి ప్రేరణ ఆ చావే. అదే మండలంలోని కడవెండిలో 1946 జులై 4న గడీ మీదుగా సాగిన ఊరేగింపుపై కాల్పులు జరిగి దొడ్డి కొమురయ్య నేలకొరిగాడు. ధర్మాపురం తండాలో లంబాడా రైతులు దొరల మీద తిరగబడితే ముందు నిలిచిన జాటోతు ఠాను నాయక్ కూడా ప్రాణమిచ్చాడు. ఈ ఊళ్ల మధ్య దూరాలు చూస్తే ఆశ్చర్యమేస్తుంది. ఒక పూటలో బండి మీద అన్నీ తిరిగి రావొచ్చు. నిజానికి తిరగబడటం ఈ నేలకు 1946లో కొత్తగా అబ్బిందేం కాదు. రఘునాథపల్లి మండలం ఖిలాషాపూర్‌లో సర్వాయి పాపన్న కోట ఇప్పటికీ నిలిచి ఉంది.

1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1950 కౌల్దారీ చట్టంతో రక్షిత కౌల్దారు అనే హక్కు వచ్చింది. దొర పోయాడు. అప్పుడు తేలింది అసలు సంగతి, నేలకు నీళ్లు లేవని.

గుట్ట ఎక్కిన గోదావరి

జనగామ ఎత్తు మీదున్న ప్రాంతం. వాన తక్కువ, నది లేదు. ఉన్నవి గొలుసుకట్టు చెరువులు, మోట బావులు. అందుకే ఆముదాలు, జొన్న, కంది ఇక్కడి పంటలు. తర్వాత పత్తి వచ్చింది, బోర్లు వచ్చాయి. ఒకరు రెండొందల అడుగులు వేస్తే పక్కవాడు మూడొందలు వేశాడు. ఆ పోటీలో నీళ్ల కన్నా అప్పులే లోతుకు వెళ్లాయి.

2001లో దేవాదులకు శంకుస్థాపన జరిగింది. ఏటూరునాగారం దగ్గర గంగారం వద్ద గోదావరి నీళ్లు తోడి, గొట్టాల్లో, సొరంగాల్లో, అంచెలంచెలుగా ధర్మసాగర్‌కు, అక్కడి నుంచి గండిరామారం, బొమ్మకూరు, అశ్వరావుపల్లి జలాశయాలకు ఎక్కించే పథకం. నది నుంచి జనగామకు మూడు వందల మీటర్లకు పైగా నీళ్లు పైకి రావాలి. ప్రపంచంలో ఇంత ఎత్తుకు నీళ్లు తోడి వరి పండించే చోట్లు ఎక్కువుండవు. అది గొప్ప అనాలో, ఖర్చు అనాలో ఇంజినీర్లు, ఆర్థికవేత్తలు తేల్చుకోనీ. నీళ్లొచ్చిన ఊళ్లో మాత్రం ఆ వాదన ఎవరికీ పట్టదు. చెరువు అలుగు పోస్తే బావి ఊరుతుంది. బావి ఊరితే యాసంగి నాటు పడుతుంది. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు కూడా తోడవడంతో ఆముదం చేలు వరి మడులయ్యాయి.

అయితే మోటారు ఆగితే నీళ్లు ఆగుతాయి. 2025 యాసంగిలో దేవాదుల మూడో దశలోని దేవన్నపేట పంప్‌హౌస్‌లో మోటారు తిరిగేసరికి మార్చి నెల చివరికొచ్చింది. అప్పటికే జనగామ వైపు చాలా పొలాల్లో వరి ఎండి, గొర్రెలను మేపుకోమని వదిలేశారు. వాన దేవుడికి మొక్కిన తరం పోయి పంప్‌హౌస్ వైపు చూసే తరం వచ్చింది.

పండిన వడ్ల సంగతి చూడాలంటే ఏప్రిల్ నెలాఖరున ఏ కొనుగోలు కేంద్రానికైనా వెళ్లండి. రోడ్డు మీద ఒక పక్కంతా వడ్లు ఆరబోసి ఉంటాయి. ఆడవాళ్లు కాళ్లతో గీతలు గీస్తూ తిరగేస్తుంటారు. తేమ చూసే మిషన్‌లో గుప్పెడు గింజలు పోస్తే 17 శాతం లోపు రావాలి. 18 చూపిస్తే ఇంకో రోజు ఎండబెట్టాలి. ఆ రాత్రే మబ్బు పడుతుంది. పట్టాలు కప్పుకుని కుప్ప పక్కనే పడుకోవాలి. తేమ సరిపోతే సంచులు లేవంటారు. సంచులొస్తే హమాలీలు లేరంటారు. హమాలీలొస్తే లారీ రాలేదంటారు. తూకంలో తాలు, మట్టి పేరుతో బస్తాకు కిలో, రెండు కిలోల తరుగు. మిల్లుకెళ్లాక అక్కడ మళ్లీ ఇంకో కోత. కల్లం కాడ దొర మనిషి లేడు, నిజమే. కొలిచేవాడి ముందు చేతులు కట్టుకు నిలబడటం మాత్రం పోలేదు.

ఇక్కడే నన్ను బాగా తొలిచే విషయం ఒకటుంది. 2024లో కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఐలమ్మ పేరు పెట్టారు. మంచిదే. కానీ ఐలమ్మ కౌలురైతు. ఈ రోజు ఆమె బతికి అదే నాలుగెకరాలు కౌలుకు చేసుంటే ఆమె పేరు మీద పట్టాదారు పాసు పుస్తకం ఉండేది కాదు. 2018 మే నుంచి ఇచ్చిన రైతుబంధు పెట్టుబడి సాయం ఆమెకు అందేది కాదు, భూమి యజమాని ఖాతాలో పడేది. కౌల్దార్లకు రుణ అర్హత కార్డులివ్వాలన్న 2011 చట్టం పుస్తకంలో ఉంది, కార్డులే లేవు. పాత భూరికార్డు పహాణీలో పట్టాదారు పక్కన అనుభవదారు అని ఒక గడి ఉండేది. దున్నేవాడి పేరు అందులో రాసేవారు. 2020లో భూరికార్డుల పోర్టల్ ధరణి వచ్చాక ఆ గడి మాయమైంది. తెల్లకాగితం మీద సాదాబైనామా రాసుకుని కొనుక్కున్న భూములు కూడా అక్కడే చిక్కుకున్నాయి. 2025 భూభారతి చట్టం వాటి పరిష్కారానికి మళ్లీ దారి తెరిచింది. ఫలితం గ్రామాల్లో తేలాలి.

మంటల చుట్టూ రెక్కల పురుగులు

1997-98 చలికాలం పాత వరంగల్ జిల్లాకు మరపురానిది. పొగాకు లద్దెపురుగు పత్తి చేలను తినేసింది. కొట్టిన మందు పనిచేయలేదు. మందు అరువిచ్చిన దుకాణదారే వడ్డీ వ్యాపారి, పత్తి కొనేదీ అతనే. విత్తనం, మందు, అప్పు, అమ్మకం నాలుగూ ఒకే గల్లాపెట్టె దగ్గర. పురుగు చావని మందే తాగి చనిపోయిన రైతుల వార్తలు అప్పుడు దేశమంతా చదివింది. గడీ నాగుకూ ఈ అప్పుకూ తేడా ఒక్కటే. దొర తన అప్పుతో పాటు విషం డబ్బా ఇచ్చేవాడు కాదు.

ఆ కాలంలోనే లింగాలఘణపురం మండలంలోని ఏనెబావి అనే చిన్న ఊరు వేరే దారి తొక్కింది. మొదలు ఆముదాన్ని తినే ఎర్ర గొంగళి పురుగుతో. తొలకరి పడగానే భూమిలోని కోశాల నుంచి రెక్కల పురుగులు బయటికొస్తాయి. ఒక చేనువాడు ఒక్కడే మందు కొడితే లాభం లేదు. అందరూ ఒకేసారి పొద్దుగూకాక గట్ల మీద మంటలు వేస్తే వెలుగుకు వచ్చి పడి మాడిపోతాయి. తప్పించుకున్నవాటి పిల్లలు పక్క చేనుకు పాకేటప్పుడు అడ్డంగా కందకం తీసి జిల్లేడు కొమ్మలు పరుస్తారు. ఆకు తినడానికి ఆగిన పురుగులు అక్కడే దొరుకుతాయి. ఖర్చు అగ్గిపుల్ల, గడ్డపార. కావలసింది ఊరంతా ఒక్కమాట మీద ఉండటం. క్రాప్స్ అనే స్వచ్ఛంద సంస్థ, సుస్థిర వ్యవసాయ కేంద్రం తోడ్పాటుతో ఆ ఊరు క్రమంగా రసాయన ఎరువులూ మానేసి 2006లో తమది పూర్తి సేంద్రియ గ్రామమని ప్రకటించుకుంది. ఇరవై ఏళ్లయినా చుట్టుపక్కల ఊళ్లన్నీ అదే దారి పట్టలేదెందుకన్నది అడగాల్సిన ప్రశ్న. పశువులు తగ్గాయి, పెంట లేదు, కూలీలు దొరకరు. సబ్సిడీ యూరియా బస్తా చేతికందేంత దగ్గర్లో ఉంది. అందని ఏడు ఏమవుతుందో 2025 వానాకాలంలో మానుకోట జిల్లా చూసింది. యూరియా కోసం తెల్లవారుజామునే సొసైటీల ముందు వరుసలు, మనిషికి బదులు చెప్పులు, పాసు పుస్తకాలు.

ఎర్ర కల్లాలు

మహబూబాబాద్‌ను జనం ఇప్పటికీ మానుకోట అనే అంటారు. కాజీపేట-విజయవాడ రైలు మార్గం జిల్లాను నిలువునా కోస్తుంది. కింద డోర్నకల్‌లో భారతీయుల్లో తొలి ఆంగ్లికన్ బిషప్ అజరయ్య 1912 నుంచి పనిచేశారు. ఆయన కట్టించిన చర్చి గుడి గోపురాల తీరులో ఉంటుంది. ఇంకోవైపు బయ్యారం చెరువు, కాకతీయ గణపతిదేవుని చెల్లెలు మైలాంబ తవ్వించింది. ఆ చెరువు శాసనమే కాకతీయుల వంశక్రమానికి ముఖ్య ఆధారం. ఇవన్నీ ఒక్కొక్కటీ ఒక్కో వ్యాసానికి సరిపోతాయి. ఇక్కడ మనకు కావలసింది మిర్చి.

మిర్చి జూదపు పంట. ఎకరానికి లక్ష దాటి పెట్టుబడి. నారు దగ్గర్నుంచి ఆఖరి కోత దాకా ఆరేడు నెలలు. కాయ ఏరడానికి ఆడకూలీలు కావాలి. కల్లంలో పరిచాక తాలుకాయ వేరు, మంచికాయ వేరు. ఏరేవాళ్ల చేతులు రాత్రికి మండుతాయి, నిద్ర పట్టదు. 2021 వానాకాలంలో నల్ల తామర పురుగు పూతలోకి దూరింది. పువ్వు విప్పితే లోపల నల్లగా కదిలేవి. పూత రాలి, పిందె పట్టక చాలామంది నిలువు చేలను పీకేశారు. 2023లో క్వింటా 20 వేలు దాటిన తేజ రకం 2025లో మూడో వంతుకు పైగా పడిపోయింది. ఖమ్మం యార్డుకో, వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కో బస్తాలు వేసుకెళ్లిన రైతుకు ఆ ఉదయం జెండా పాట, అంటే వేలంలో పలికే తొలి ధర, ఎంతకు పోతుందో బస్తాలు దించేదాకా తెలియదు.

గూడూరు, కొత్తగూడ, గంగారం, బయ్యారం వైపు కథ వేరు. అక్కడి కోయలు, లంబాడాలు పోడు కొట్టి సాగు చేసుకున్న భూమి కాగితాల్లో అడవి. అటవీ హక్కుల చట్టం వచ్చింది 2006లో. రాష్ట్రంలో 4 లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలు పంచడం 2023 జూన్‌లో మొదలైంది. మధ్యలో మొక్కలు నాటడానికి వచ్చిన అటవీ సిబ్బందికీ విత్తనాలు చల్లిన రైతులకూ ఏటా తొలకరిలో కొట్లాటే. 2018 పంచాయతీరాజ్ చట్టంతో చాలా తండాలు గ్రామపంచాయతీలయ్యాయి. సర్పంచ్ కుర్చీ వచ్చింది, పట్టా రానివాళ్లు ఇంకా ఉన్నారు.

నది పక్కన

భూపాలపల్లిలో పొలం కింద బొగ్గు ఉంది. సింగరేణి కాకతీయ గనులు, చెల్పూరులో 1100 మెగావాట్ల కాకతీయ థర్మల్ కేంద్రం, మల్హర్ మండలంలో తాడిచర్ల ఓపెన్ కాస్ట్. గనిలో ఉద్యోగం దొరికిన ఇంటికి నెల జీతం. భూమి పోయి ఉద్యోగం రానివాళ్లకు పరిహారం డబ్బు, అది ఖర్చయ్యాక కూలి. ఘణపురంలో కాకతీయుల నాటి గణపసముద్రం చెరువు కింద ఇప్పటికీ వరి పండుతుంది. దూరంగా థర్మల్ చిమ్నీలు. మహాదేవపూర్ అడవుల్లో మద్దిచెట్ల మీద దసళి పట్టుపురుగులు పెంచేవాళ్లు కొందరు మిగిలారు. 2023 జులై 27 తెల్లవారుజామున మోరంచ వాగు మోరంచపల్లిని ముంచితే జనం ఇళ్ల కప్పుల మీదికెక్కారు. హెలికాప్టర్లు వచ్చాయి. తాళ్లు విప్పే తీరిక లేక కొట్టాల్లోనే ఉండిపోయిన పశువులకు ఏవీ రాలేదు.

అదే ఏడాది అక్టోబర్ 21న కాళేశ్వరం ప్రాజెక్టులోని మేడిగడ్డ బ్యారేజీ పియర్లు కుంగాయి. ఆ గొడవ మీద కమిషన్లు, కేసులు, శాసనసభ చర్చలు అందరికీ తెలుసు. తక్కువ తెలిసిన సంగతి, మేడిగడ్డ ఉన్న మహాదేవపూర్ మండలానికి ఆ నీళ్లతో పెద్దగా పనిలేదు. బ్యారేజీ కట్టింది వాటిని వెనక్కి, పైకి, వేరే జిల్లాలకు పంపడానికి. బ్యారేజీలు నిండినప్పుడు వెనుక జలాలు ఒడ్డు చేలను ముంచాయి. ఇసుక లారీలు రోడ్లను తిన్నాయి. ఈ మండలాల కోసమే ఉద్దేశించింది చిన్న కాళేశ్వరం ఎత్తిపోతల. మహాదేవపూర్, కాటారం, మల్హర్, మహాముత్తారంలలో 45 వేల ఎకరాలకు నీళ్లివ్వాలని 2000లలో మొదలుపెట్టారు. పెద్ద కాళేశ్వరం మూడేళ్లలో లేచి, నాలుగేళ్లు నడిచి, కుంగింది. చిన్నది ఏళ్ల తరబడి కాలువల భూసేకరణ దగ్గరే తచ్చాడింది. గోదావరి కంటికి కనిపిస్తున్నా కాటారం రైతు నాటు వేసేది చెరువులోకి ఎన్ని నీళ్లొచ్చాయో చూసుకున్నాకే. పత్తి పెట్టినవాడికి ఇంకో పని కూడా ఉంది. 2025 నుంచి భారత పత్తి సంస్థ (సీసీఐ)కి అమ్మాలంటే ముందు ‘కపాస్ కిసాన్’ యాప్‌లో స్లాట్ తీసుకోవాలి. సిగ్నల్ లేని ఊళ్లలో అందుకోసం ఫోన్ పట్టుకుని రోడ్డెక్కుతున్నారు.