వీకెండ్ ఖర్చు ఎక్కడికి పోతోంది? జూబ్లీహిల్స్ బిల్లును బేతంచెర్ల లెక్కలో చదివితే..

బేతంచెర్ల: నాపరాళ్లు, పాలిష్ బండల ఫ్యాక్టరీల మీద బతికే ఊరు ఇది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన జరిగాక కర్నూలు జిల్లా నుంచి నంద్యాల జిల్లాలోకి వచ్చింది. బండలు కోసి, పాలిష్ పట్టి, లారీలకెత్తి పిల్లల్ని చదివించిన కుటుంబాలు మన వాళ్లలోనూ చాలానే ఉన్నాయి. ఆ పిల్లలు కర్నూలులోనో నంద్యాలలోనో డిగ్రీ, బీటెక్ పూర్తి చేసి హైదరాబాద్, బెంగళూరు బాట పడుతున్నారు. జీతం వస్తోంది. ఇంటికి మాత్రం అనుకున్నంత రావడం లేదు. "నెలాఖరుకు చేతిలో ఏమీ మిగలట్లేదు అబ్బా" అని ఫోన్లో అంటారు. ఎక్కడికి పోయిందంటే సరైన జవాబు ఉండదు.

చాలామంది విషయంలో ఆ జవాబు శుక్రవారం రాత్రికి, ఆదివారం రాత్రికి మధ్యలోనే ఉంటుంది. జూబ్లీహిల్స్, బంజారాహిల్స్, హైటెక్ సిటీ, గచ్చిబౌలిలో వరుసగా కనిపించే రెస్టారెంట్లు, పబ్‌లు, రూఫ్‌టాప్ కేఫ్‌లు. బెంగళూరులో అయితే కోరమంగళ, ఇందిరానగర్, చర్చి స్ట్రీట్. అక్కడికి వెళ్లే ప్రతి ఒక్కరూ చెడిపోయినట్టు కాదు. కానీ అక్కడి బిల్లు ఎలా తయారవుతుందో తెలియకుండా వెళ్తే జేబుకు చిల్లు ఖాయం.

ఒక వీకెండ్ లెక్క

ముందు ఒక చిన్న లెక్క చూద్దాం. ఈ అంకెలు అర్థం కావడానికి వేసిన ఉదాహరణ మాత్రమే, మనిషిని బట్టి, చోటును బట్టి మారతాయి. బెంగళూరులో పనిచేసే కుర్రాడు ముగ్గురు దోస్తులతో కలిసి హైదరాబాద్ వెళ్లాడనుకుందాం. తన వాటాకు పడేది ఇలా ఉంటుంది:

బస్సు రానుపోను రూ.1,400. రెండు రాత్రుల గదిలో వాటా రూ.1,500. శుక్రవారం రాత్రి బిర్యానీ రూ.400. శనివారం పొద్దున నహారీ, రోటీ, ఇరానీ చాయ్ రూ.200. మాల్, సినిమా రూ.700. శనివారం రాత్రి పబ్ ఎంట్రీ రూ.1,500. క్యాబ్‌లు రూ.800. ఆదివారం బఫే రూ.1,500. మొత్తం రూ.8,000.

ఇందులో హైదరాబాద్ పేరు చెప్పగానే నోరూరే బిర్యానీకి, నహారీకి కలిపి అయింది రూ.600 మాత్రమే. పబ్ ఎంట్రీ, క్యాబ్, బఫే ఈ మూడింటికే రూ.3,800. అంటే దాదాపు సగం. జీతం రూ.25,000 అయితే ఈ రెండు రోజులకే దాదాపు మూడో వంతు అయిపోయింది. నెలకోసారి వెళ్తే ఏడాదికి రూ.96,000. ఇంట్లో అబ్బా ఎన్ని అడుగుల బండ పాలిష్ పడితే ఆ డబ్బు వస్తుందో ఎవరికి వారే లెక్క వేసుకోవచ్చు.

కవర్ ఛార్జీ అంటే ఏంటి?

పబ్ గుమ్మం దగ్గరే తీసుకునే డబ్బు ఇది. రెండు రకాలుగా ఉంటుంది. ఒకటి ఉత్త ఎంట్రీ ఫీజు, అది తిరిగి రాదు. రెండోది 'రిడీమబుల్' కవర్. అంటే ఎంత కట్టామో అంత విలువకు లోపల తినొచ్చు, తాగొచ్చు. మిగిలితే సాధారణంగా వాపసు ఇవ్వరు.

పబ్‌కు ప్రధాన ఆదాయం మద్యం. స్థలం అద్దె, లైసెన్సు ఫీజు, సిబ్బంది జీతాలు, డీజే ఖర్చు వారమంతా ఉంటాయి. జనం మాత్రం శుక్ర, శనివారాల్లోనే ఎక్కువ. అందుకే వారం మధ్యలో 'హ్యాపీ అవర్స్' పేరుతో ధర తగ్గించి పిలుస్తారు, శనివారం గుమ్మం దగ్గరే కవర్ పెడతారు. తాగే కస్టమర్‌కు ఆ కవర్ రెండు గ్లాసుల్లో అయిపోతుంది. తాగని వాడి దగ్గరే అది మిగులుతుంది.

ఉదాహరణకు రూ.1,500 కవర్ కట్టిన కుర్రాడు రూ.350 మాక్‌టెయిల్, రూ.450 స్టార్టర్ తీసుకున్నాడు. రూ.800కు 5 శాతం జీఎస్టీ రూ.40. మొత్తం రూ.840. మిగిలిన రూ.660 పబ్‌కే. అది ఎలాగూ పోతుందని అక్కర్లేనివి ఆర్డర్ చేయడం ఇంకో నష్టం. "నేను తాగను, ఊరికే కూర్చుంటాను" అనే వాడికే ఆ చోటు ఎక్కువ ఖరీదు అవుతుంది.

బిల్లు సమానంగా పంచుకుంటే..

ఇది మన పిల్లలు ప్రత్యేకంగా గమనించాల్సిన విషయం. నలుగురిలో ఇద్దరు తాగారు, ఇద్దరు తాగలేదు. తిండి రూ.4,000, మద్యం రూ.5,000, మొత్తం రూ.9,000 అయింది. యూపీఐలో తలా రూ.2,250 పంపేస్తారు. తాగని వాడి తిండి వాటా రూ.1,000. మిగతా రూ.1,250 తాను ముట్టని మద్యానికి కట్టినట్టే. దీన్ పరంగా అది ఎలాంటి ఖర్చో ఏ ఇంట్లోనూ చెప్పాల్సిన పని లేదు. లెక్క పరంగా చూసినా నష్టమే.

పరిష్కారం కష్టమేం కాదు. కూర్చున్నప్పుడే "తిండి బిల్లు వేరు, డ్రింక్స్ బిల్లు వేరు" అని చెప్పాలి. మద్యం జీఎస్టీ పరిధిలో లేదు, దాని మీద రాష్ట్రాల పన్నులు వేరుగా ఉంటాయి. కాబట్టి బిల్లులో ఎలాగూ రెండింటినీ విడిగానే లెక్కిస్తారు. అడగడానికి మొహమాటపడితే ఆ మొహమాటానికే రూ.1,250 అవుతుంది.

సర్వీస్ ఛార్జీ కట్టాలా?

కట్టక్కర్లేదు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ (సీసీపీఏ) 2022 జూలై 4న మార్గదర్శకాలు ఇచ్చింది. హోటళ్లు, రెస్టారెంట్లు సర్వీస్ ఛార్జీని తమంతట తాము బిల్లులో కలపకూడదు, ఇంకో పేరుతో వసూలు చేయకూడదు, కట్టలేదని లోపలికి రానివ్వకపోవడం కూడా కుదరదు. రెస్టారెంట్ సంఘాలు కోర్టుకు వెళ్లగా, 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు ఈ మార్గదర్శకాలను సమర్థించింది. సంఘాలు ఆ తీర్పు మీద అప్పీలుకు వెళ్లాయి.

సర్వీస్ ఛార్జీ పన్ను కాదు, ప్రభుత్వానికి పోదు. పైగా దాని మీద కూడా జీఎస్టీ పడుతుంది. రూ.4,000 తిండికి 10 శాతం సర్వీస్ ఛార్జీ రూ.400 కలిస్తే రూ.4,400. దాని మీద 5 శాతం జీఎస్టీ రూ.220. మొత్తం రూ.4,620. సర్వీస్ ఛార్జీ లేకపోతే రూ.4,200. తేడా రూ.420. వెయిటర్‌కు ఇవ్వాలనిపిస్తే అతని చేతికే టిప్పు ఇవ్వొచ్చు, అది మన ఇష్టం.

"సర్వీస్ ఛార్జీ తీసేయండి" అని మర్యాదగా అడిగితే చాలా చోట్ల బిల్లు మార్చి ఇస్తారు. ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు.

బిల్లులో ఇంకా చూడాల్సినవి

జీఎస్టీ: మామూలు రెస్టారెంట్లలో, ఏసీ ఉన్నా లేకపోయినా 5 శాతమే. కేంద్రం, రాష్ట్రం చెరి 2.5 శాతం. 2017 నవంబర్ 15 నుంచి ఇదే రేటు. గది అద్దె రోజుకు రూ.7,500 దాటే పెద్ద హోటళ్లలోని రెస్టారెంట్లలో మాత్రం 18 శాతం ఉంటుంది. ఆదివారం బఫేకు స్టార్ హోటల్‌కు వెళ్లే ముందు ఇది గుర్తుంచుకోవాలి. బోర్డు మీద రూ.1,500 అని రాసి 'పన్నులు అదనం' అంటే చేతి నుంచి పోయేది రూ.1,770.

కాంపోజిషన్ స్కీమ్: ఏడాది టర్నోవర్ రూ.1.5 కోట్లలోపు ఉన్న చిన్న హోటళ్లు ఈ పద్ధతి ఎంచుకోవచ్చు. అలాంటి హోటల్ కస్టమర్ దగ్గర జీఎస్టీ వసూలు చేయకూడదు. బిల్లు మీద కాంపోజిషన్ అని రాసి ఉండి, కింద జీఎస్టీ కూడా వేస్తే అడగాల్సిందే.

వాటర్ బాటిల్: రెస్టారెంట్లో కూర్చుని తాగితే ఎమ్మార్పీ కంటే ఎక్కువ తీసుకోవచ్చని 2017 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి దాని మీద గొడవ పడి లాభం లేదు. "మామూలు నీళ్లు ఇవ్వండి" అని ముందే అడగడం మేలు.

ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబర్: బిల్లు మీద 14 అంకెల ఆహార లైసెన్సు నంబర్ ఉండాలి. తిండి బాగోలేదని ఫిర్యాదు చేయాలంటే ఆ నంబరే ఆధారం.

హలాల్ ప్రశ్న

జూబ్లీహిల్స్, గచ్చిబౌలి వైపు మల్టీ క్యూజిన్ రెస్టారెంట్లలో చికెన్ అంతా హలాలే అనుకోవడానికి లేదు. మన దేశంలో హలాల్ సర్టిఫికెట్ ప్రభుత్వం తప్పనిసరి చేసింది కాదు, ప్రైవేటు సంస్థలు ఇస్తాయి. కాబట్టి మాంసం ఎక్కడి నుంచి వస్తుందో, సర్టిఫికెట్ ఉందో లేదో మేనేజర్‌నే అడగాలి.

మాంసం హలాల్ అయినా ఇంకో రెండు విషయాలు ఉంటాయి. పంది మాంసం వండే కిచెన్‌లో అదే గ్రిల్, అదే నూనె వాడుతున్నారా? కొన్ని పాస్తా సాస్‌లలో వైన్ పోస్తారు. తిరమిసు లాంటి డెజర్ట్‌లలో, కొన్ని ప్లమ్ కేకుల్లో, చాక్లెట్ రమ్ బాల్స్‌లో మద్యం కలుపుతారు. మెనూలో పేరు చూస్తే అన్నిసార్లూ తెలియదు. "ఆల్కహాల్ కలిపారా?" అన్న ఒక్క మాట అడిగితే చాలు.

హుక్కా సంగతి కూడా చెప్పుకోవాలి. పండ్ల వాసనే కదా, సిగరెట్ కాదు కదా అని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. తెలంగాణలో 2024 ఫిబ్రవరిలో హుక్కా పార్లర్లను నిషేధిస్తూ అసెంబ్లీ చట్టం చేసింది. అదే నెలలో కర్ణాటక కూడా నిషేధించింది. కాబట్టి ఎక్కడైనా చాటుగా నడిపిస్తుంటే, రెయిడ్ జరిగితే అక్కడ కూర్చున్న వాళ్లకూ ఇబ్బందే.

కార్డు గీకితే అసలు ఖర్చు తర్వాత మొదలవుతుంది

రూ.8,000 క్రెడిట్ కార్డు మీద పెట్టి, బిల్లు వచ్చాక 'మినిమమ్ డ్యూ' 5 శాతం, అంటే రూ.400 మాత్రమే కట్టాడనుకుందాం. మిగిలింది రూ.7,600. చాలా కార్డుల్లో వడ్డీ నెలకు 3.5 శాతం దరిదాపుల్లో ఉంటుంది. ఆ లెక్కన నెల వడ్డీ రూ.266, వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ రూ.48. మొత్తం రూ.314. కట్టిన రూ.400లో మూడు వంతులకు పైగా మళ్లీ అప్పుగా వచ్చి చేరింది. పైగా పాత బాకీ తీరేదాకా కొత్తగా కొన్న వాటికి కూడా వడ్డీ లేని గడువు దొరకదు.

ఈ వడ్డీకి పైపరిమితి ఉందనుకుంటే పొరపాటు. ఏడాదికి 30 శాతం మించకూడదన్న జాతీయ వినియోగదారుల కమిషన్ ఆదేశాన్ని 2024 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. వడ్డీ హరామ్ అని చిన్నప్పటి నుంచి విన్న పిల్లలు కూడా 'మినిమమ్ డ్యూ' అనే మాట వెనక ఉన్నది వడ్డీయేనని గమనించడం లేదు.

తిరిగి వచ్చే దారి

డబ్బు పోతే మళ్లీ సంపాదించుకోవచ్చు. రోడ్డు మీద జరిగేది అలా కాదు. మోటారు వాహనాల చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే మొదటిసారి రూ.10,000 జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. రెండోసారి రూ.15,000 జరిమానా లేదా రెండేళ్ల వరకు జైలు, లేదా రెండూ.

2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద హైదరాబాద్–బెంగళూరు ప్రైవేటు బస్సు తగలబడిన ఘటన మన ప్రాంతంలో ఎవరూ మర్చిపోలేదు. దాదాపు ఇరవై ప్రాణాలు పోయాయి. రోడ్డు మీద పడి ఉన్న బైకును బస్సు ఢీకొట్టి ఈడ్చుకెళ్లడంతో మంటలు లేచాయి. ఆ బైకు నడిపిన యువకుడు మద్యం తాగి ఉన్నాడని ఫోరెన్సిక్ పరీక్షలో తేలినట్టు పోలీసులు చెప్పారు. అతను కూడా ఆ రాత్రే చనిపోయాడు. బస్సులో నిద్రపోతున్న వాళ్లకు దానితో ఏ సంబంధమూ లేదు. దోస్తు తాగి బండి తీస్తుంటే వెనక కూర్చోకూడదు, బండి తీయనివ్వకూడదు కూడా.

సరదా వద్దని కాదు

హైదరాబాద్ రాత్రులు పబ్‌లతోనే మొదలు కాలేదు. చార్మినార్ పక్కన ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్, మదీనా సర్కిల్ హోటళ్లు, టోలిచౌకి మండీ, నిజాం కాలంలో అరబ్ సైనికులు స్థిరపడిన బార్కస్‌లో హరీస్.. ఇవన్నీ కుటుంబంతో కూర్చుని తినే రుచులు. హైదరాబాద్ హలీమ్‌కు 2010లోనే జీఐ గుర్తింపు వచ్చింది. 2019లో యునెస్కో ఈ నగరాన్ని సృజనాత్మక ఆహార నగరాల జాబితాలో చేర్చింది. ఆ గుర్తింపు వెనక ఉన్న వంటలో మన వాళ్ల చేతి పని ఎంతో ఉంది.

తల్లిదండ్రులు కూడా ఒకటి ఆలోచించాలి. "ఎందుకు వెళ్లావు" అని గద్దిస్తే పిల్లలు తర్వాతి సారి చెప్పకుండా వెళ్తారు. దానికి బదులు జీతం వచ్చిన రోజే ఇంటికి పంపేది, దాచుకునేది ముందు పక్కన పెట్టించాలి. మిగిలిన దాంట్లో సరదాకు ఇంత అని పిల్లలే హద్దు పెట్టుకోవాలి. ఆ డబ్బు క్రెడిట్ కార్డుతో కాకుండా చిన్న మొత్తం ఉంచిన వేరే బ్యాంకు ఖాతా నుంచి యూపీఐతో ఖర్చు పెడితే అది అయిపోగానే చెయ్యి ఆగుతుంది. ఖర్చు చేయడం తప్పు కాదు, ఇస్రాఫ్ తప్పు. ఆ రెండింటి మధ్య గీత ఎక్కడుందో నెలకోసారి బిల్లులు ముందేసుకుని ఇంట్లో మాట్లాడుకుంటే పిల్లలకే అర్థమవుతుంది.